ఒక కొరియా కథ - మా అవ్వ తీర్పు

మొన్నటి వేసవిలో నాలుగు ఆదివారాలపాటు మా ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లిచ్చే దిక్కు లేకపోయింది. అతిథి మర్యాద తెలియని ఇల్లు కాదు మాది. బాసరలో కాపురం వుంటూ అతిథి మర్యాద తెలియకపోతే ఎట్లా కుదురుతుంది చెప్పండి? వసంత పంచమి వచ్చిందంటే, దసరాల్లో మూలా నక్షత్రం వచ్చిందంటే, బంధువర్గంలో అక్షరాభ్యాసం ఈడు వచ్చిన పిల్లలందరూ తలిదండ్రులతో, తాతలతో సహా మా ఇంట్లోనే దిగుతారు. మా వరండాలో ఏడాది పొడుగునా ఎవరో మరచిపోయిన పలక ఒకటి పడే వుంటుంది. అటువంటి ఇంట్లో, ఆ నాలుగు ఆదివారాలూ, ముగ్గురు ఆడవాళ్లు ఒకే మంచం మీద వరుసగా కూర్చుని తలుపు చప్పుడు కూడా వినిపించుకోలేదు. డెబ్బైకి దగ్గరపడిన మా అమ్మ, నలభై అయిదు దాటిన నేను, ఇరవై ఒకటి నిండిన మా అమ్మాయి. చూస్తున్నది కొరియా దేశపు ప్రేమకథ. మావారు రెండు మూడు మాట్లు చాయ్ కోసం తొంగి చూసి, పరిస్థితి గ్రహించి, తామే పెట్టుకున్నారు. నాలుగో ఆదివారానికి మాకు కూడా పెట్టి తెచ్చారు. ఆ కథ వల్ల మా ఇంటికి కలిగిన మొదటి లాభం అదే.

నేను మొదట ముఖం చిట్లించినదాన్నే. దాచుకోవడం ఎందుకు? 2020లో అందరం ఇళ్లలో బందీలమై కూర్చున్న రోజుల్లో ఈ కొరియా కథల పిచ్చి మన పిల్లలకు బాగా పట్టుకుంది. నా క్లాసులో ఆడపిల్లల నోట్సు పుస్తకాల ఆఖరి పేజీల్లో పూర్వం సినిమా పాటలుండేవి. ఇప్పుడు కొరియా మాటలు తెలుగు లిపిలో రాసి వుంటున్నాయి. ఛందస్సు గణాలు అడిగితే తెల్లమొహం వేసే పిల్ల, "ఒప్పా" అంటే ఏమిటే అని అడిగితే ఠక్కున చెప్పింది. అన్నయ్య అట! అక్కడి ఆడపిల్లలు తోడబుట్టిన అన్ననూ అట్లాగే పిలుస్తారు, వలచినవాడినీ అట్లాగే పిలుస్తారు. మన వైపు పిల్లలు "అన్నా" అని పిలిచి తప్పించుకుంటారు. అక్కడి పిల్లలు అదే మాట పిలిచి చిక్కుకుంటారన్నమాట.

మా అమ్మాయి ఇక్కడి త్రిపుల్ ఐటీలో ఆఖరి సంవత్సరం. హాస్టలులో వుండి, ఆదివారానికి ఇంటికి వస్తుంది. ఒకనాడు వస్తూనే, "అమ్మా, ఇది నువ్వు చూడాలె. ఇందులో హీరోయిన్‌కు కవిత్వం రాయాలని వుంటది" అంది. నన్ను పడగొట్టడానికి ఏ మాట వెయ్యాలో పిల్లకు తెలుసు.

కథ పేరు "వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్". అది ఇంగ్లీషువాళ్ల కోసం పెట్టిన పేరు. 2025 మార్చి నెలలో నాలుగు శుక్రవారాలు, వారానికి నాలుగు భాగాల చొప్పున, మొత్తం పదహారు భాగాలుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. దర్శకుడు కిమ్ వన్ సక్. రచయిత్రి లిమ్ సాంగ్ చూన్, అది కలంపేరు. ఆ ఏడు మే నెలలో కొరియాలో పేరున్న బేక్‌సాంగ్ బహుమతుల్లో ఉత్తమ నాటకంగానూ, ఉత్తమ రచనగానూ దీనికి గౌరవం దక్కింది. నాలుగు వారాలనూ నాలుగు రుతువులుగా పంచి, ఒక ఆడపిల్ల బాల్యం నుంచి వృద్ధాప్యం దాకా చెప్పారు. పదహారంటే పదహారే! మన "కార్తీక దీపం" 2017లో వెలిగించి 2023 దాకా ఆరనివ్వలేదని తలచుకుంటే, ఇంత పెద్ద బతుకును పదహారు భాగాల్లో ఎట్లా కుదించారా అని ముందే అనుమానపడ్డాను. మన సీరియల్లో ఒక అత్తగారు తల తిప్పి చూడడానికి పట్టే వ్యవధిలో అక్కడ ఒక పిల్ల పుట్టి పెద్దదై బడికి పోతుంది.

కొరియా కథలు మనకు బొత్తిగా కొత్త కూడా కాదు లెండి. 2019లో నందినీ రెడ్డి తీసిన "ఓ బేబీ" చూసి నవ్వని ఇల్లుందా? ముసలావిడ పడుచుపిల్ల అయిపోయే ఆ కథ 2014 నాటి కొరియా సినిమాదే. కాని అది సమంత మీదుగా, తెలుగు మాటల మీదుగా మనదై వచ్చింది. ఇది అట్లా కాదు. వాళ్ల ముఖాలు, వాళ్ల ఇళ్లు, వాళ్ల భాష, అన్నీ వాళ్లవే. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు మా అమ్మాయి చదివి, వాళ్ల అమ్మమ్మకు మా బాసర మాటల్లో చెప్పుకుంటూ పోయేది. అవ్వకు పేర్లు నోరు తిరగలేదు. కథానాయిక పేరు ఏ సన్. అవ్వ ఆవిడను "ఏసమ్మ" చేసింది. నాయకుడు గ్వాన్ షిక్. అతను "గౌసు" అయ్యాడు. మూడో భాగం నుంచి మేము కూడా అట్లాగే పిలుచుకున్నాం.

అవ్వ అన్నాను. కృష్ణా గుంటూరు చదువరులు మా నాయనమ్మ అనుకుంటారేమో! మా వైపు అవ్వ అంటే అమ్మ. అవ్వ, అయ్య - తల్లి, తండ్రి. ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజుల్లో నా గదిలో గుంటూరు పిల్ల ఒకతె వుండేది. "మా అవ్వకు పానం బాగ లేదట" అంటే, "పెద్దవయసు కదా, మరి!" అని ఓదార్చింది. అప్పటికి మా అవ్వకు నలభై అయిదేళ్లు.

ఈ పిడకల వేట ఎందుకంటే, ఆ కొరియా కథ అసలు పేరులో కూడా ఇదే చమత్కారం వుంది. కథ జరిగేది జేజు అనే దీవిలో. కొరియాకు దక్షిణాన సముద్రంలో వుంటుంది. కథకు పెట్టిన పేరు ఆ దీవి యాసలోది - "పొక్సక్ సొగత్సుదా". అక్కడివారికి దాని అర్థం, చాలా శ్రమపడ్డావు, నీ కష్టానికి దండం అన్నట్టు. అదే మాట సియోలు నగరంవాళ్ల చెవిన పడితే, నిలువునా మోసపోయావు అన్నట్టు వినిపిస్తుందట! ఒకరి మన్నన ఇంకొకరికి వెక్కిరింత. ఆ జేజు భాష అంతరించిపోయే ప్రమాదం మెండుగా వున్నదని 2010లో యునెస్కో లెక్క కట్టింది. అటువంటి మాటను తీసి, కోట్లమంది చూసే కథకు నుదుటి బొట్టులాగా పెట్టిన ఆ రచయిత్రికి, తెలుగు పాఠం చెప్పుకుని బతికే నేను మనసులోనే నమస్కారం పెట్టాను. మా పిల్లలు ఇంట్లో "గట్లనా" అని, నా క్లాసులో లేచి నిలబడి "అలాగా అండీ" అని తడబడుతుంటే చూసి ఇరవై ఏళ్లయింది.

కథలోకి వస్తాను. ఏసమ్మ తల్లి సముద్రంలో మునిగి బతికే మనిషి. ఆ దీవిలో ఆడవాళ్లే ఆ పని చేస్తారు. హేన్యో అంటారు వారిని. వీపున గాలి సీసా వుండదు, ముక్కుకు గొట్టం వుండదు. ఊపిరి బిగబట్టి అడుగుకు పోయి, రాళ్లకు కరుచుకున్న అబలోనీ గుల్లల్ని, శంఖుల్ని, సముద్రపు నాచును తెంపుకుని, పైకి తేలి, బిగబట్టిన ఊపిరిని ఒక్కసారి ఈలలాగా వదులుతారు. ఆ ఈలకు వాళ్ల భాషలో ఒక పేరే వుంది - సుంబిసోరి. 2016లో వీరి విద్యకు యునెస్కో మానవజాతి వారసత్వమని గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వచ్చేనాటికి చాలామంది ముసలివాళ్లయిపోయారు. గుర్తింపులు సాధారణంగా ఆ సమయానికే వస్తాయి.

కథలో ఆ తల్లి ఇరవై తొమ్మిదో ఏట ఊపిరి జబ్బుతో పోతుంది. పోయేముందు ఒకటే మాట పదే పదే - నా బిడ్డ నీళ్లలో దిగకూడదు, చదవాలి. ఆ తల్లి వేషం వేసినామె యమ్ హే రాన్. ఇంత నటన చూసి ఎన్నాళ్లయిందో నాకు!

ఆ తల్లి నీళ్లలోంచి తేలి ఊపిరి వదిలినప్పుడు, పక్కన మా అవ్వ కూడా ఊపిరి వదిలింది. "గా దమ్ము నాకెర్కనే" అంది.

అవ్వ సముద్రం చూడలేదు. గోదావరే ఆమెకు సముద్రం. అయినా ఆ దమ్ము ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. నిజామాబాదు, కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల వారికి నేను వివరించనక్కరలేదు, మిగతావారికి చెబుతాను. ఎండాకాలం మా ఆదిలాబాదు అడవుల్లో తునికాకు కోస్తారు. ఆ ఆకు తెచ్చుకుని, రాత్రి తడిపి, తడిగుడ్డలో చుట్టి పెడతారు. తెల్లవారి కొలత పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కడతారు. ఇరవై అయిదింటికి ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. మధ్యాహ్నానికి చాట నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు పోవాలి. మా అయ్య మస్కటు పోయినవాడు, పైసలు వచ్చిన నెల వచ్చేవి, రాని నెల వుత్తరం కూడా వచ్చేది కాదు. నా ఫీజులు, నా బస్సు పాసు, నా పుస్తకాలు, ఎం.ఏ. దాకా, అన్నీ ఆ చాటలోంచి వచ్చినవే. ఆ పొడి లోపలికి పోయి పోయి అవ్వకు దగ్గు పట్టుకుంది. చలికాలం రాత్రిళ్లు ఇప్పటికీ లేచి కూర్చుంటుంది.

ఏసమ్మ చిన్నతనంలో బడిలో ఒక కవిత రాస్తుంది. ఎప్పుడు చూసినా తల్లికి సముద్రమే లోకం, ఆ గుల్లలే లోకం. వాటికి వచ్చే డబ్బేదో తానే ఇచ్చి అమ్మను ఒక దినం కొనుక్కుంటే, అమ్మ ఆ ఒక్క దినం నీళ్లలోకి పోకుండా ఇంట్లో వుంటుంది కదా అని ఆ పసిపిల్ల ఆలోచన. నేను ఎన్ని వందల పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పివుంటానో లెక్కలేదు. కరుణమే రసమని, మిగతావన్నీ దాని రూపాలేనని భవభూతి అన్నాడని ఏటా చెబుతాను, పరీక్షకు వస్తుందని కూడా చెబుతాను. ఆ రోజు మాత్రం నోట మాట రాలేదు. నాకు ఎన్నడూ ఆ ఆలోచన రాలేదు కదా అనుకున్నాను. అవ్వ దినం ఒకటి ఎంతకు వస్తుందో నేను ఎన్నడూ అడగలేదు. ఆ రాత్రి అడిగాను - "అవ్వా, వెయ్యికి ఎంతిస్తుండె అప్పుడు?"

"ఎవలకు యాదికున్నదే? పెంచుకుంట పోయిండ్రు" అంది. ఒక క్షణమాగి, "ఏరివేసినయి మాత్రం యాదికున్నయ్. ఒకనాడు నాలుగు కట్టలు మంచిగ లేవని ఇరిసి పారేసిండ్రు. ఆకే బాగ లేకుండె. నా చేతిది కాదు తప్పు" అంది. ఎప్పుడవ్వా అంటే, "నువ్వు నాలుగో తరగతి" అంది. అదేదో నిన్న జరిగినట్టు.

ఇక నాయకుడి సంగతి. గౌసు చిన్నప్పటి నుంచీ ఏసమ్మ వెనుక నడిచినవాడు. సంతలో ఆమె కూరగాయల ముందు పుస్తకం తెరుచుకుని కూర్చుంటే, క్యాబేజీలు అతను అమ్మిపెడతాడు. ఓడ ఎక్కి వెళ్లిపోతున్నవాడు ఆమె కోసం సముద్రంలో దూకి ఈదుకుంటూ వస్తాడు. పెళ్లయ్యాక అతని ఇంట్లో ఒక ఆచారం. పెద్దలకు, మగవాళ్లకు ఒక బల్ల, ఆడవాళ్లకు పక్కన చిన్న బల్ల. ఒకనాడు భోజనాల దగ్గర గౌసు ఒక్క మాట మాట్లాడకుండా, పెద్దల బల్లకు వీపు పెట్టి, భార్య బల్ల వైపు తిరిగి కూర్చుని తింటాడు. అంతే. ఉపన్యాసం లేదు, తిరుగుబాటు లేదు, పక్కన డప్పుల మోత లేదు. మా ఇంట్లో ముగ్గురమూ ఒకేసారి "అబ్బ!" అన్నాం.

అప్పుడే లోపలికి వచ్చిన మావారికి మా అమ్మాయి ఆ ఘట్టం మళ్లీ పెట్టి చూపించింది. ఆయన చూసి ఏమీ అనలేదు. మర్నాడు రాత్రి భోజనానికి కూర్చున్నవారు కుర్చీ జరిపి నావైపు తిరిగారు. నా కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. తరువాత చూస్తే నా వెనుక టీవీలో క్రికెట్టు వస్తూ వుంది.

నవ్వులాటకు అన్నాను గాని, ఈ కథ మీద నాకున్న మొదటి అభ్యంతరం కూడా గౌసే. వేషం వేసిన పార్క్ బో గమ్‌ది తప్పు కాదు. పెద్దవాడయ్యాక వేసిన పార్క్ హే జూన్‌ది అసలే కాదు, అతను మాట తక్కువ మనిషిని ఎంత బాగా నిలబెట్టాడో! కాని రచయిత్రి ఆ పాత్రకు ఒక్క మచ్చ వుంచలేదు. ముప్పై నలభై ఏళ్ల కాపురంలో ఒక్కనాడు విసుక్కోడు. మన పూర్వ కావ్యాల్లో ధీరోదాత్త నాయకులకు కూడా ఏదో ఒక బలహీనత వుంటుంది. ఆడపిల్లలు ఇటువంటివాణ్ణి చూసి ఇటువంటివాడి కోసం ఎదురుచూస్తే వాళ్ల గతేమిటని నేనంటే, మా అమ్మాయి నవ్వి, "ఎదురు చూడం అమ్మా, కొంచెం కొలుచుకుంటం" అంది. ఈ కాలపు పిల్లలు మనం అనుకున్నంత అమాయకులు కారు.

అవ్వకు అతను నచ్చాడు గాని, నమ్మలేదు. ఆమె నమ్మినది సాంగ్ గిల్ అనే మోటు మనిషిని. చోయ్ డే హూన్ వేశాడు. డబ్బున్నవాడు, నోరున్నవాడు, భార్యాపిల్లల్ని కసురుకుంటూ బతికి, వయసు మీరాక ఇంట్లో పలకరించే దిక్కు లేక, తన తప్పేమిటో తనకే అర్థం కాక తిరుగుతుంటాడు. "గీయన మన ఊళ్ల గూడ ఉన్నడు" అని అవ్వ ఒక పేరు చెప్పింది. మా అమ్మాయి ఇంకో పేరు చెప్పింది. నాకు ఇంకో ఇద్దరు తోచారు. ఇటువంటి మనిషిని విలనుగా చెయ్యకుండా, చివరికి కొంచెం జాలి కూడా పుట్టించడం నాకు కథలో అన్నిటికంటె గట్టి పనిగా తోచింది.

ఇంకొక లోపం చెప్పాలి. కథంతా కూతురి గొంతులో సాగుతుంది. ఏసమ్మ కూతురు గమ్ మ్యాంగ్. పడుచు ఏసమ్మగానూ, ఈ కూతురిగానూ వేసింది ఒకామే - ఐ.యూ. అని పాటలు పాడే అమ్మాయి. బాగా చేసింది. కాని మనం చూసి గ్రహించినదాన్ని ఆ గొంతు మళ్లీ చెబుతుంది. నేను రాసిన వ్యాఖ్యానంలాగానే వుంది; విద్యార్థికి ఏమీ వదలదు. కొడుకును గురించి కూడా రచయిత్రి తొందరపడింది. అక్క చదువు కోసం అన్నీ అక్కకే పోతే, తమ్ముడి మనసులో ఏముంటుందన్నది పెద్ద కథ. దాన్ని ముట్టుకుని వదిలేసింది. చిన్న కొడుకు గాలివానలో పోయిన ఘట్టం మాత్రం నేను చెప్పను. పిల్లలున్నవారు ఆ భాగం పగటిపూట చూడండి.

కూతురు సియోలులో పెద్ద విశ్వవిద్యాలయంలో చదువుతుంది. తలిదండ్రులు ఫోను చేస్తే చిరాకు, సామాను మోసుకొస్తే చిరాకు. ప్రేమ లేక కాదు, ప్రేమ ఎక్కువై భరించలేక. ఆ ఘట్టాలు వస్తున్నప్పుడు నేను అవ్వ వైపు చూడలేదు. నేను ఇంటరు నిజామాబాదులో హాస్టలులో వుండి చదివాను. అర్జీలో తల్లి వృత్తి అన్నచోట "గృహిణి" అని రాశాను. నా నోట్సు పుస్తకం వాసన చూసి ఒక పిల్ల, మీ ఇంట్లో బీడీలు తాగుతారా అంటే, మా మేనమామ తాగుతాడని అబద్ధమాడాను. ఆ సంక్రాంతి తరువాత అవ్వ సకినాలు మూటగట్టుకుని నన్ను చూడడానికి వచ్చింది. వేళ్లు పసుపుపచ్చగా, గోళ్లు అరిగిపోయి. నేను లోపలికి రమ్మనలేదు. గేటు దగ్గరే మూట అందుకుని, చదువుకోవాలె అవ్వా, పరీక్షలున్నయి అని పంపేశాను. ముప్పై ఏళ్లయింది. ఆమె గమనించలేదనే అనుకుంటూ వచ్చాను.

తెర మీద కూతురు తల్లిని కసురుకుంటున్నది. అవ్వ చూస్తూ, "ఆ ఈడుల పిల్లలు గట్లనే ఉంటరు" అంది. మరుక్షణం, ఎవరితోనో కాదన్నట్టు, "నేను గేటుకాడికెల్లే మర్లి వచ్చిన గద" అంది.

మా అమ్మాయి బొమ్మను ఆపి, "ఏ గేటు, అమ్మమ్మా?" అంది. నేను మంచం మీద దుప్పటి అంచు సవరిస్తూ వున్నాను.

"ఏం లేదు బిడ్డా. పెట్టు, ఏమైతదో చూద్దాం" అంది అవ్వ.

అదీ ఆమె చెప్పినది. తరువాత ఆ మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. నేను మాత్రం ఆ రాత్రి ఆమె పక్కన పడుకున్నాను. ఉక్కగా వుంది, జరుగు అంది.

ఇక అసలు చిక్కు. కథలో కూతురికి జపాను వెళ్లి చదివే అవకాశం వస్తుంది. తలిదండ్రులు ఇల్లు అమ్మి పంపుతారు. చుట్టూ సంగీతం, వెలుతురు, కన్నీళ్లు. ఏసమ్మ నడివయసు వేషం వేసిన మూన్ సో రీ ఆ ఖాళీ ఇంటిని ఒకసారి చూసుకునే తీరు చూస్తే రాళ్లు కరుగుతాయి. నేనూ కరిగాను. కాని మా ఇంట్లో ఆ వారమే అదే సమస్య నడుస్తూ వుంది. మా అమ్మాయికి పై చదువుకు బయటి దేశం పోవాలని వుంది. సీటు వచ్చే సూచనలున్నాయి. మాకు భైంసా రోడ్డు మీద ఒక ప్లాటు వుంది. అవ్వ పని మానినప్పుడు వచ్చిన బీడీ కార్మికుల పి.ఎఫ్. డబ్బుకు మేము కొంత కలిపి కొన్నది. కాగితాలు అవ్వ పేరునే వున్నాయి. మావారు అమ్ముదామంటారు. నాకు చేతులాడవు. ఆ ఘట్టం చూశాక మాత్రం, అమ్మకపోతే నేను తల్లినే కాదేమో అనిపించింది. కథలు మనచేత ఇట్లాగే ఆలోచింపజేస్తాయి. సంగీతం ఆగాక లెక్క చూసుకోవలసింది మనమే.

ఆ సాయంత్రం పిల్ల హాస్టలుకు వెళ్లిపోయాక, అవ్వ బియ్యం ఏరుతూ తన తీర్పు చెప్పింది. "ఏసమ్మ చేసిన పనులల్ల గదొక్కటే మంచిగ చెయ్యలె."

"ఇల్లు అమ్ముడా?"

"అమ్ముడు కాదు. బిడ్డకు తెల్వనిచ్చుడు. తెలిసినంక ఆ పిల్ల ఇంక చదివిందా? బాకీ కట్టింది. నవ్వినా ఆ ఇల్లు నెత్తి మీద పెట్టుకునే నవ్వింది. నువ్వు సూడలేదా?"

నేను చూశాను, కాని అట్లా చూడలేదు. ఎం.ఏ. చదివి, రసాలు, ధ్వని, ఔచిత్యమని పాఠాలు చెప్పే నాకు తెర మీద త్యాగం కనిపించింది; బడి ముఖం చూడని అవ్వకు ఆ త్యాగం కింద నలిగిన పిల్ల కనిపించింది. కూతురు తల్లితో ఎందుకంతగా కసురుకునేదో కూడా అప్పుడే నాకు కొంత బోధపడింది. నేను ఎందుకు గేటు దగ్గరే ఆపానో కూడా.

"మరి నాకు తెలుసు కద అవ్వా, నువ్వు చాటల చదివిపిచ్చినవని" అన్నాను.

"నిన్నెట్ల దాస్తనే? ఇంట్ల చాట పెట్టుకోని?" అని నవ్వింది. దగ్గు వచ్చింది. నీళ్లిచ్చాను. తాగి, "ప్లాటు అమ్ముతరో అమ్మరో మీరు సూసుకోండ్రి. నేను దస్కతు పెడ్త. అమ్మితే మాత్రం దాని కోసం అమ్మినమని దానికి చెప్పకుండ్రి. రోడ్డు వెడల్పుల పోయిందని చెప్పుండ్రి" అంది.

అమ్మామో లేదో ఇక్కడ రాయను. ఈ పేజీ మా అమ్మాయి కంట పడుతుందన్న భయం నాకు పెద్దగా లేదు. అమ్మ రాసినవి చదివే అలవాటు ఆ పిల్లకు ఇంకా రాలేదు. అయినా జాగ్రత్త మంచిది. ఎవరైనా చదువరులు బాసర వచ్చి, మా ఇంట్లో దిగి, మాటల్లో మాటగా ప్లాటు సంగతి ఎత్తితే, అది రోడ్డు వెడల్పులోకి వస్తుందని అనుకుంటున్నారు అని చెప్పండి.

కథ ముగింపులో గౌసు జబ్బు చేసి పోతాడు. ఏసమ్మ కవితలు ఆమె ముసలితనంలో పుస్తకంగా అచ్చవుతాయి. అంతకుముందే తమ వూరి జాలరుల సంఘానికి మొదటి ఆడ పెద్దగా ఎన్నికవుతుంది. అన్నీ సర్దుకుంటాయి, కొంచెం ఎక్కువగానే సర్దుకుంటాయి. నాకు ఆఖరి భాగంలో కన్నీళ్లు వచ్చాయి గాని, ఆ కన్నీళ్లను నేను పూర్తిగా నమ్మలేదు. మొదటి నాలుగు భాగాలు మాత్రం, ఆ మునిగే ఆడవాళ్లు, ఆ తల్లి, ఆ పసిపిల్ల కవిత, ఇవి ఏ భాషలోనైనా పెద్ద పుస్తకాల పక్కన పెట్టదగ్గవి. ఇంట్లో ముసలివారున్నవారు వారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఒక్కరే గదిలో తలుపేసుకుని చూస్తే సగమే కనిపిస్తుంది.

పోయిన ఆదివారం మా అమ్మాయి వచ్చి, "అమ్మమ్మా, ఇంకొక కొరియా కథ వున్నది. ఈసారి వకీలు కథ. పెడ్దునా?" అంది.

అవ్వ చాట పక్కన పెట్టి, మంచం మీద తన చోటు చూసుకుని కూర్చుని అడిగింది - "అండ్ల సముద్రం ఉంటదా?"